వామనగుంటలా, లెగో కట్టడమా?

ఆటిజం ఉన్న పిల్లలకు నలుగురితో కలవడం నేర్పడానికి ఈ రెండూ పనికొస్తాయి గాని, అవి నేర్పేవి వేరు. 14 గుంటల వామనగుంటల పలకపై ఒకరు చింతగింజలు పంచుతున్నంతసేపూ ఎదుటివారు ఆగాలి కాబట్టి వంతు అనేది కంటికి కనిపిస్తుంది. మాట్లాడవలసిన అవసరం మాత్రం దాదాపు ఉండదు.

మనస్తత్వవేత్త డేనియల్ లెగాఫ్ 2004లో వివరించిన లెగో (ఒకదానికొకటి బిగించే ప్లాస్టిక్ ముక్కల) పద్ధతిలో ఒకరు పటం చూసి సూచనలు చెబుతారు, ఇంకొకరు అడిగిన ముక్కను వెతికి అందిస్తారు, మూడోవారు అమరుస్తారు, ఆ తర్వాత పాత్రలు మారతాయి. అడగకుండా, వినకుండా అక్కడ ఒక్క ముక్కా కదలదు. అందుకే కొంతైనా మాటలు వచ్చిన పిల్లలకు నేను దీనినే ముందుంచుతాను.

మాటలు ఇంకా రానివారికి, ఆగడమే కష్టమైనవారికి గింజల ఆట మేలు. అయితే గింజలు నోట్లో పెట్టుకునే అలవాటున్న బిడ్డ పక్కన పెద్దవారు కూర్చోవాలి. ఓటమిని తట్టుకోలేని బిడ్డను మొదట్లో గెలుపోటముల లెక్క లేకుండానే ఆడించాలి.