ప్లాస్టిక్ ప్యాకేజింగ్ ఈపీఆర్ పోర్టల్: లెక్క మీది, తప్పూ మీదే

ఈపీఆర్ అంటే మార్కెట్లోకి వదిలిన ప్లాస్టిక్ ప్యాకేజింగ్ వ్యర్థమయ్యాక దాన్ని సేకరించి రీసైకిల్ చేయించాల్సిన బాధ్యత. దాని లెక్క చెప్పే సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) పోర్టల్‌లో వార్షిక రిటర్న్ నింపడం పెద్ద విద్యేం కాదు. కష్టమంతా దానికి ముందుండే తూకం దగ్గరే. నిబంధనల ప్రకారం గడువు జూన్ 30.

ఆవకాయ పౌచ్ తీసుకోండి. రెండు పొరలూ ప్లాస్టిక్కే అయితే కేటగిరీ 2. మధ్యలో అల్యూమినియం రేకు ఉంటే కేటగిరీ 3. మీ పౌచ్‌లో ఎన్ని పొరలున్నాయో పోర్టల్‌కేం తెలుస్తుంది? సప్లయర్ నుంచి పొరల వివరం రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఖాళీవి 100 తూస్తే 820 గ్రాములొచ్చాయనుకోండి, 3 లక్షల పౌచ్‌లకు 2.46 టన్నులు. ఇక్కడే కిలోలను టన్నుల గడిలో కొట్టేసి బాధ్యతను వెయ్యి రెట్లు చేసుకునేవాళ్లుంటారు!

ప్రొడ్యూసర్ (ప్లాస్టిక్ ప్యాకేజింగ్ తయారుచేసేవాళ్లు) బాధ్యత లెక్కకు సూత్రం తేలికే: గత రెండేళ్ల ప్యాకేజింగ్ అమ్మకాల సగటుకు వినియోగానికి ముందే మిగిలిన వ్యర్థాల సగటు కలిపి, బ్రాండ్ ఓనర్లకు సరఫరా చేసింది తీసేయాలి. ఉదాహరణకు 45 టన్నులకు 1 కలిపి 6 తీసేస్తే 40 టన్నులు. కేటగిరీ 2లో 2025-26కు కనీస రీసైక్లింగ్ 40 శాతం, అంటే 16 టన్నులు.

లోటు పూడ్చుకోవడానికి రీసైక్లర్ల నుంచి ఈపీఆర్ సర్టిఫికెట్లు కొనేటప్పుడు కేటగిరీ చూసుకోండి. కేటగిరీ 1ది (గట్టి ప్లాస్టిక్) చౌకగా దొరికినా కేటగిరీ 3 లోటుకు పనికిరాదు.