డబ్బిచ్చి మరీ మా నాన్నగారిని అబద్ధాలకోరును చేయించాను

నిన్న రాత్రి పదిన్నరకు రాయపురం నుంచి మా నాన్నగారి పాత స్నేహితులు ఫోన్ చేసి, “ఏమయ్యా, మహమ్మద్ అలీతో నువ్వెప్పుడు తలపడ్డావు? ఆ రోజు గ్యాలరీలో నా పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకు తిన్నది మరెవరు?” అని అడిగి పగలబడి నవ్వారు. నాన్నగారు నవ్వలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి, నన్ను పిలిచి, “ఒరేయ్, అందులో ఏం రాయించావురా?” అని మాత్రం అడిగారు. ముప్ఫై వేల రూపాయలు పోసి నేను కొనుక్కున్న ప్రశ్న అది.

జీవిత చరిత్రలు రాసి, ఫోటోలతో అలంకరించి ఆన్‌లైన్‌లో శాశ్వతంగా ఉంచుతామని చెప్పుకునే ఆ సంస్థ ఏదో నేను వేరుగా చెప్పనక్కరలేదు. ఇంట్లో పెద్దవాళ్ళకు షష్టిపూర్తి తలపెట్టిన చెన్నై తెలుగువాళ్ళలో ఆ ప్రకటన కంటబడనివారు అరుదు. నాన్నగారికి డెబ్భై అయిదేళ్ళు నిండుతున్నాయి కదా, ఆయన బాక్సింగ్ రోజులు మనవల కోసం ఒకచోట ఉండాలని నేనూ వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. మొత్తం ముప్ఫై ఎనిమిది వేలకు ఒప్పందం; ముప్ఫై వేలు ముందే కట్టాను.

నాన్నగారిది పెద్ద చరిత్రేమీ కాదు. పెరంబూరు బిన్నీ మిల్లులో పని చేశారు. 1996లో అది మూతపడేదాకా అక్కడే ఉన్నారు. యౌవనంలో రాయపురంలో ఒక వాత్తియార్ (గురువు) దగ్గర కుత్తుచ్చండై, అంటే తమిళంలో బాక్సింగ్, నేర్చుకుని, అరవై కిలోల లైట్‌వెయిట్ తరగతిలో ఉత్తర మద్రాసు చుట్టుపక్కల కొన్ని పోటీలు ఆడారు. కొన్ని గెలిచారు, గెలిచినవాటి కంటే ఓడినవాటి గురించే ఎక్కువ చెబుతారు. ఎనిమిది ఆదివారాలు కూర్చోబెట్టి ఆయన చేత చెప్పించి నేను రాశాను. మా చెల్లెలు టైపు చేసింది. అరవై నాలుగు పేజీలు వచ్చాయి. సంస్థవారు చేయవలసిందల్లా భాష సరిచూసి, ఫోటోలు చేర్చి, అందంగా పేర్చడమే.

ఆ అరవై నాలుగు పేజీలలో అలీ గురించి ఉన్నది ఒకే ఒక్క పేరా. 1980లో అలీ మద్రాసుకు వచ్చిన మాట నిజం. ఎం.జి.రామచంద్రన్ గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులవి. నెహ్రూ స్టేడియంలో జరిగిన ప్రదర్శన పోటీలో అలీ ఎదుట నిలిచినది జిమ్మీ ఎల్లిస్. ఆయనేమీ అనామకుడు కాడు. అలీ పుట్టిన లూయీవిల్‌కే చెందినవాడు, 1968 నుంచి 1970 దాకా డబ్ల్యూబీఏ (ప్రపంచ బాక్సింగ్ సంఘం) హెవీవెయిట్ కిరీటం ధరించినవాడు, 1971 జులైలో హ్యూస్టన్‌లో అలీ చేతిలోనే పన్నెండో రౌండులో ఓడినవాడు. ఈ ఇద్దరినీ నాన్నగారు టికెట్టు కొనుక్కుని, ఎక్కడో వెనక వరుసల నుంచి చూశారు. “ముఖం సరిగా ఆనలేదురా, కాని కాళ్ళు కనబడ్డాయి, ఆ కాళ్ళు చాలు” అని ఆయన చెప్పిన మాటనే నేను యథాతథంగా రాసి పంపాను. అచ్చయిన పుటలో ఎల్లిస్ ఊసే లేదు. ఎల్లిస్ ఉండవలసిన చోట మా నాన్నగారున్నారు. మూడు రౌండ్ల పాటు అలీని ఎదుర్కొని “సమ ఉజ్జీగా నిలిచిన మద్రాసు సింహం” అట! ప్రపంచ హెవీవెయిట్ విజేత ముందు అరవై కిలోల మిల్లు కార్మికుణ్ణి నిలబెట్టినవాడికి, ఆ రెండు తరగతులకు మధ్య ఎంత బరువు తేడా ఉంటుందో విచారించుకునే తీరిక కూడా దొరకలేదు.

అది ఒక్కటే అయితే పొరపాటు అనుకునేవాణ్ణి. అట్ట మీది ఫోటోను పేర్పు కోసం అద్దంలో బొమ్మలాగా కుడిఎడమలు తిప్పారు. దానితో ఎడమ కాలు ముందుంచి ఎడమ చేత్తో జాబ్ (ముందు చేతి సూటి దెబ్బ) విసిరే నాన్నగారు కాస్తా కుడి కాలు ముందుంచిన సౌత్‌పా, అంటే ఎడమచేతివాటం బాక్సర్, అయిపోయారు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ తిప్పిన ఫోటోను చూసి, లోపల మూడు చోట్ల “ఎడమచేతివాటం వీరుడు” అని రాశారు. ఆయన కుడి చెంప మీది పుట్టుమచ్చ ఎడమ చెంపకు మారిన సంగతి మా అమ్మ ఒక్క చూపులో పట్టేసింది. 1972 నాటి పోటీలో ఆయన తలకు రక్షక కవచం కట్టుకున్నారని మరొక చోట ఉంది. ఒలింపిక్స్‌లోనే ఆ కవచాలు 1984 లాస్ ఏంజెలెస్‌ నుంచి వచ్చాయి. మా రాయపురం వీధి రింగులో పన్నెండేళ్ళ ముందే ఎవరు తెచ్చి తొడిగారో ఆ రచయితకే తెలియాలి. పుటలు నింపడానికి అలీ కథ కూడా నాలుగు పేజీలు చేర్చారు, అది ఎవరూ అడగనిది. అందులో 1971 మార్చి 8న న్యూయార్క్‌లో అలీ కొట్టిన దెబ్బకు ప్రత్యర్థి జో ఫ్రేజియర్ పన్నెండో రౌండులో నేలకూలాడని ఉంది. ఆ పోటీ పదిహేను రౌండ్లూ జరిగింది, చివరి రౌండులో ఫ్రేజియర్ ఎడమ హుక్ (చెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ) తిని కిందపడినది అలీ, న్యాయనిర్ణేతలు గెలిపించినది ఫ్రేజియర్‌ను. బాక్సింగ్ గురించి ఒక్క పుస్తకం తిరగేసినవాడు కూడా చేయని తప్పు ఇది.

ఇందులో నా పాపం కూడా ఉంది, దాచను. ప్రచురణకు ముందు చిత్తు ప్రతి పంపి, చూసి ఆమోదించమన్నారు. నేను ఆఫీసు నుంచి వస్తూ, సెంట్రల్‌లో రైలు కోసం నిలబడి, అట్ట చూసి, నాన్నగారు ఎంత బాగున్నారో అనుకుని, కళ్ళు చెమర్చి, లోపల ఒక్క పేజీ చదవకుండా “ఆమోదం” నొక్కాను. ఎనిమిది ఆదివారాలు కూర్చుని రాసినవాణ్ణి ఎనిమిది నిమిషాలు కూర్చుని చదవలేకపోయాను. నా మొహానికి పుట్టుమచ్చ ఎటుంటే ఏం లెండి.

ఇక అసలు విషయం. అట్ట మీద “రచన” అని ఉన్నచోట సంస్థ యజమాని పేరుంది. నా పేరు గాని, కథ చెప్పిన నాన్నగారి పేరు గాని, టైపు చేసిన చెల్లెలి పేరు గాని చివరి పుటలో కూడా లేవు. ఆ యజమాని కొత్తగా రాసినది ఏదైనా ఉంటే అది ముందు చెప్పిన తప్పులే. మిగిలినదంతా మా వాక్యాలు, కామాలతో సహా. “దెబ్బ చేతిలో లేదు, వెనక కాలి మడమలో ఉంది, మడమ తిరగకపోతే చెయ్యి ఊరికే గాలి విసురుతుంది” అని వాత్తియార్ నాన్నగారికి చెప్పిన మాటను ఆ యజమాని తన ముందుమాటలో తన అనుభవంగా రాసుకున్నాడు. ఆయన మడమ ఏనాడైనా రింగు గుడ్డ మీద తిరిగిందో లేదో నేను అడగలేదు.

అడిగినది మరొకటి. ఈ ఉదయం తొమ్మిదింటికి ఆ యజమానికి ఫోన్ చేసి, అలీ గురించిన ఆ అబద్ధం వెంటనే తీసివేయమని, రచయితగా నా పేరు వేయమని మర్యాదగానే అడిగాను. ఆయన ముందుగా నవ్వాడు. “సార్, మీ నాన్నగారు గ్యాలరీలో కూర్చున్నారంటే ఎవరు చదువుతారు? మేము ఆయన్ను రింగులోకి ఎక్కించాం, మీరు సంతోషించాలి” అన్నాడు. నాకు వెంటనే మాట రాలేదు. అది తప్పు అన్నాను. “తప్పైతే అది మీ బాధ్యత, సమాచారం ఇచ్చింది మీరు కదా” అన్నాడు. సమాచారం నాదైతే రచయిత నేను కదా అన్నాను. “అదెలా సార్, రచన మాది. మీరు సమాచారం మాత్రమే ఇచ్చారు” అన్నాడు. ఈ రెండు మాటలకూ మధ్య ఆయన ఊపిరి కూడా తీసుకోలేదు. అవి ఒకదానినొకటి కొట్టుకుంటున్నాయని ఆయనకు తెలియకపోవడం కాదు, తెలిసినా నేనేమీ చేయలేనన్న ధీమా ఆ గొంతులో ఉంది. చివరకు, “పెద్దాయనకు ఈ వయసులో కొంచెం గొప్ప జోడిస్తే మీకేం నష్టం?” అని అడిగి, జవాబు వినకుండానే ఫోన్ పెట్టేశాడు.

తరువాత నిబంధనలు తీసి చదివాను. ముందు చదవవలసినవి తరువాత చదవడం నాకు అలవాటని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. పదకొండో నిబంధనలో రచనా హక్కు సంస్థదని, పన్నెండో నిబంధనలో విషయ సత్యతకు ఖాతాదారుడిదే బాధ్యత అని ఉంది. అంటే పేరుకు రచయిత ఆయన, తప్పుకు రచయిత నేను.

నష్టమేమిటో ఆ యజమానికి ఇక్కడే చెబుతాను. రాయపురంలో, కాసిమేడులో ఆ రోజుల్లో బరిలోకి దిగినవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఎవరు ఎవరిని ఏ రౌండులో పడగొట్టారో వాళ్ళకు మన ఇంటి పద్దుల కంటే బాగా గుర్తు. వాళ్ళ ముందు తను ఎన్నడూ లేని గొప్ప చెప్పుకోలేదన్నదే మా నాన్నగారి ఆస్తి. ఓడిపోయిన పోటీలో ఎదుటివాడి ఎడమ చెయ్యి ఎంత చక్కగా పడిందో ఇప్పటికీ లేచి నిలబడి చేసి చూపించే మనిషి, ఈ రోజు సాయంత్రం వాహ్యాళికి వెళ్ళలేదు. కారణం అడిగితే, “వాళ్ళు అడిగితే ఏం చెప్పనురా, నా కొడుకు రాయించాడని చెప్పనా?” అన్నారు.

తెలిసిన న్యాయవాదిని సంప్రదించి తెలుసుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో హక్కు తీయించుకున్నవారిదే అవుతుంది. డబ్బిచ్చి రాయించుకున్న పుస్తకానికి మాత్రం అది వర్తించదు, రాసినవారే తొలి హక్కుదారు. ఆ హక్కు చేతులు మారాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. హక్కు అమ్ముకున్న తరువాత కూడా, తన పేరు అడిగే అధికారాన్ని, తన రచనను పరువు పోయేలా వికృతం చేస్తే అడ్డుకునే అధికారాన్ని 57వ సెక్షన్ రచయితకు మిగులుస్తుంది. కాబట్టి ఎవరి పేరు ఎక్కడ వేస్తారో డబ్బు కట్టకముందే రాయించుకోండి, మీరు రాసిచ్చినది తేదీతో సహా మీ దగ్గర ఉంచుకోండి, చిత్తు ప్రతిని ఆ రోజుల్లో ఉన్న మనిషి పక్కన కూర్చుని చదవండి. రైల్వే స్టేషన్‌లో నిలబడి చదవకండి.

మధ్యాహ్నం చూస్తే ఒక్క వాక్యం మార్చారు. అలీతో తలపడిన సంగతి అలాగే ఉంది, “సమ ఉజ్జీగా” అన్న మాట మాత్రం పోయింది. మా నాన్నగారిని అలీ చేతిలో ఓడించారన్నమాట. ఇది రాస్తుండగానే సంస్థ నుంచి మరో సందేశం వచ్చింది. మిగిలిన ఎనిమిది వేలు మూడు రోజుల్లో చెల్లించమని కోరుతూ, పైన “గౌరవనీయులైన రచయిత గారికి” అని సంబోధించారు.