మూడు కుండల కంపోస్టర్: కుండలు కొనండి, పొడి వద్దు

బెంగళూరు మారతహళ్ళిలో మాది మూడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీ మూలలో పెట్టుకోవడానికి, వంటింటి చెత్తను ఎరువు చేసే మట్టి కంపోస్టర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. ఒకదాని మీద ఒకటి మూడు కుండలు, పైన మూత. పై రెండింటికీ అడుగుండదు, తాళ్ళు అల్లి ఉంటాయి. వాటి మీద పాత పేపరు పరిచి చెత్త వెయ్యాలి. పై కుండ నిండితే మధ్యకి దించి, ఖాళీది పైకెక్కించాలి. రెండోది కూడా నిండేసరికి మధ్యది సగం ఎరువై ఉంటుంది, దాన్ని అడుగు కుండలోకి ఒంపాలి. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య చూసి, "ఊళ్ళో పెంటకుప్ప ఊరికే వస్తుంది, దీనికి వేలు పోశావా అమ్మాయ్" అన్నారు. ధర విషయంలో ఆవిడతో నాకు పేచీ లేదు.

కుండ మాత్రం మంచి సరుకు. మట్టి గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది, పక్కనున్న కంతల్లోంచి గాలి ఆడుతుంది. అంతకుముందు వాడిన ప్లాస్టిక్ బకెట్లో అడుగున నీళ్ళు చేరి కంపు కొట్టేది. దీని మూత తీసినా ముక్కు మూసుకోనక్కర్లేదు.

నాకు ఒళ్ళు మండేది దాంతోపాటు అంటగట్టే పొడి గురించి, అంటే చెత్త త్వరగా ఎరువవడానికి కలపమనే పొడి. మొదటి ప్యాకెట్ ఫ్రీ, తర్వాత నెలనెలా కొనమని మెసేజ్‌లు. అక్కర్లేదండీ. కూరగాయల తుక్కు నీళ్ళు వార్చి, దానికి సమానంగా ఎండుటాకులు వేసి, మొదట్లో కాస్త పుల్లమజ్జిగ చల్లితే చాలు. తర్వాత తయారైన ఎరువే గుప్పెడు కలుపుకోవచ్చు. ఎండుటాకులకి ఇక్కడ కరువేముంది? ఫిబ్రవరి, మార్చిల్లో కానుగ చెట్లు రోడ్డు నిండా రాలుస్తాయి. మా వీధి ఊడ్చే ఆమెది అనంతపురం వైపు. గోనెసంచి ఇచ్చి అడిగితే "ఇన్ని ఆకులు ఏం చేసుకుంటావు పాపా" అని నవ్వుతూనే నింపి ఇచ్చింది. లేకపోతే వాటిని ఎవరో ఒకరు అక్కడే తగలబెడతారు.

చింతపండు పిప్పి, నిమ్మ తొక్కలు కొద్దికొద్దిగానే వెయ్యండి. మామిడి టెంక ఎన్నాళ్ళైనా టెంకలాగే ఉంటుంది. బూడిదరంగు లావు పురుగులు కనిపిస్తే టెన్షన్ పడొద్దు, అవి చెత్తనే తింటాయి. చూడలేకపోతే ఇంకాస్త ఎండాకు, గుప్పెడు వేపపిండి.

ఒకప్పుడు ఈ నగరం చెత్త లారీలకొద్దీ శివార్లలోని మండూరు అనే ఊరికి పోయేది. అక్కడి జనం గొడవ చెయ్యగా చెయ్యగా 2014లో ఆపారు. అలాంటి చెత్తగుట్ట కింద గాలాడక కుళ్ళే తడి చెత్తే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుట్టిస్తుంది. ఇప్పుడు మా తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో ఆదివారం కోడి ఎముకలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు.

తాళ్ళు ఏడాదిలోపే చీకిపోయాయి, నైలాన్ తాడు కట్టాను. మూత అంచు పగిలి వస్తే, మార్చడానికి అమ్మినవాళ్ళు విసిగించేశారు. అందుకే చూసి కొనుక్కోవడం మేలు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో స్వచ్ఛాగ్రహ కలికా కేంద్రంలో రకరకాల కంపోస్టర్లు పెట్టి ఉంటాయి, ఒకసారి వెళ్ళి చూడండి. ఇద్దరే ఉన్న ఇంటికి చిన్న సైజు సరిపోతుంది. కొన్నాక మాత్రం ఆటో మాట్లాడుకోండి, స్కూటర్ మీద పెట్టుకుని సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటే సాహసం వద్దు.