దిమ్మరుల మూకీ వెస్టర్న్: ‘టంబుల్‌వీడ్స్’ మేలా, ‘3 బ్యాడ్ మెన్’ మేలా?

దేశదిమ్మరుల మీద తీసిన మూకీ వెస్టర్న్ (అమెరికా పశ్చిమ ప్రాంతపు కౌబాయ్ కథల సినిమా) ఒక్కటే చూస్తానంటే, నా లెక్కలో పోటీ రెండింటికే: 1925 నాటి ‘టంబుల్‌వీడ్స్’, మరుసటి ఏడాది వచ్చిన ‘3 బ్యాడ్ మెన్’. రెండింట్లోనూ ఇల్లూ వాకిలీ లేనివాళ్లే నాయకులు. రెండింట్లోనూ కొత్త భూముల కోసం వేలాది జనం బండ్లు కట్టుకుని పరుగు తీస్తారు; ముందు చేరినవాడిదే నేల చెక్క. ఆ నేల అంతకుముందు ఎవరిదన్న ప్రశ్న జోలికి మాత్రం రెండూ పెద్దగా పోవు.

టంబుల్‌వీడ్ అంటే ఎండి, వేరు తెగి, గాలికి దొర్లిపోయే పొద. మన సముద్రతీరాన ఇసుకలో దొర్లే రావణాసురుడి మీసాలు చూసినవారికి వేరే వివరణ అక్కర్లేదు. విలియం ఎస్. హార్ట్ ఇందులో అలాంటి పశువుల కాపరి. 1893లో ఓక్లహోమాలోని చెరోకీ స్ట్రిప్ అనే మేత భూమిని సేద్యానికి తెరుస్తున్నారు కనుక మందలు ఖాళీ చేయాలి. పశువులు బారులు తీరి వెళ్లిపోతుంటే కౌబాయ్‌లు టోపీలు తీసి నిలబడతారు, శవయాత్రకు దారి ఇచ్చినట్టు. సినిమా ప్రాణం అక్కడే ఉంది. ఆ తర్వాతి దౌడు కూడా తక్కువది కాదు: ఆలస్యంగా బయలుదేరిన హార్ట్ బండ్లన్నిటినీ దాటుకుంటూ పోతాడు, అదీ అరవయ్యో పడిలో. అయితే మధ్యలో ప్రేమకథ నీరసం. పైగా దిమ్మరి చివరికి స్థిరపడిపోతాడు. అంత బెంగ చూపించాక అది కాస్త చవకగా తోస్తుంది.

జాన్ ఫోర్డ్ తీసిన ‘3 బ్యాడ్ మెన్’లో ముగ్గురు గుర్రపు దొంగలు, తండ్రిని పోగొట్టుకున్న అమ్మాయికి అండగా నిలుస్తారు. ఆమెకు వరుణ్ణి వెతకడం కూడా తామే నెత్తిన వేసుకుంటారు. అక్కడ నవ్వు ఆపుకోలేం. డకోటా భూముల పరుగులో నేల మీద ఒక పసిబిడ్డ ఒంటరిగా ఉండిపోతుంది, గుర్రాలు ముంచుకొస్తుంటాయి. చివరి క్షణంలో ఒక చెయ్యి కిందికి వంగి బిడ్డను లాక్కుంటుంది. ఎన్నిసార్లు చూసినా అక్కడ నా ఊపిరి ఆగుతుంది. ముగ్గురికీ గజం నేల కూడా దక్కదు. తరిమేవాళ్లకు అడ్డు నిలిచి ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలిస్తారు. వారికి మిగిలేది ఆ అమ్మాయికి పుట్టిన బిడ్డకు పెట్టిన తమ పేర్లే.

అందుకే నా ఓటు ఫోర్డ్‌కు. ఒక్క సాయంత్రమే ఉంటే అదే చూడండి. రెండో సాయంత్రం దొరికితే ‘టంబుల్‌వీడ్స్’ 1939లో మళ్లీ విడుదలైన ప్రతిని వెతకండి. దానికి ముందు ముసలి హార్ట్ కౌబాయ్ దుస్తుల్లో నిలబడి, నాటకాల రంగస్థలం నేర్పిన గంభీరమైన గొంతుతో ప్రేక్షకులకు వీడ్కోలు చెబుతాడు. మూకీ నటుడి గొంతు అలా వినబడటమే ఒక వింత.