బ్రేక్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవడం: మూడు పద్ధతులూ వాడాక నా మాట

తీర్పు ముందే చెప్పేస్తాను. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారుకైనా బ్రేక్ ఆయిల్ మార్చి, లైన్లలో చేరిన గాలి బయటికి తీసేయడం ఇంటి దగ్గర అయ్యే పనే. దానికి వాక్యూమ్ పంపు కొనక్కర్లేదు. పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టం, ఓ ఖాళీ సీసా, పెడల్ దగ్గర కూర్చుని చెప్పిన మాట వినే మనిషి ఉంటే చాలు. ఈ మూడింటిలో దొరకడం కష్టమైనది మూడోదే.

మాది విశాఖ, బండి పెట్రోల్ స్విఫ్ట్. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ అయితే (డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక మాత్రం 155 డిగ్రీల దాకా తట్టుకుంటే చాలంటారు. అరకు నుంచి ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు కాలిపోతున్నప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కడితే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చేస్తాను, కిలోమీటర్లు ఎంత తక్కువ తిరిగినా సరే.

మొదట కొన్నది చేత్తో లాగే వాక్యూమ్ పంపు. ఒక్కరే పని కానిచ్చుకోవచ్చన్న మాట నిజమే గానీ, బుడగలు ఆగవు. గొట్టంలో వస్తూనే ఉంటాయి. అవి బ్రేక్ లైన్లోంచి వస్తున్నవి కావు. నిపుల్ (చక్రం దగ్గర పాత ఆయిల్, గాలి బయటికి వదలడానికి విప్పే చిన్న మరమేకు) వదులు చేయగానే దాని మరల సందులోంచి పంపు బయటి గాలినే లాగుతుంది. లోపలి గాలి ఎప్పుడు అయిపోయిందో మనకి తెలిసే దారే లేదు. మరల చుట్టూ టెఫ్లాన్ టేపు చుడితే కొంత నయం, నిపుల్ మొన మీదికి, పక్కనున్న రంధ్రం మీదికి టేపు రాకుండా చూసుకోవాలి. వెనక డ్రమ్ముల దగ్గరైతే చుక్క చుక్కగా వస్తుంది, ఈలోపు చెయ్యి పడిపోతుంది. ఇప్పుడు ఆ పంపు పనికొచ్చేది ఒక్కదానికే: పని మొదలుపెట్టే ముందు రిజర్వాయర్లో (బానెట్ కింద బ్రేక్ ఆయిల్ పోసే చిన్న డబ్బాలో) ఉన్న నల్లటి పాత ఆయిల్ తోడెయ్యడానికి. ఆ మాటకొస్తే పెద్ద సిరంజి కూడా అదే పని చేస్తుంది.

రెండోది పైనుంచి ఒత్తిడి పెట్టే డబ్బా. రిజర్వాయర్ మూత తీసి దాని మూత బిగించి, కొత్త ఆయిల్ పోసి, ఒక బార్ దాకా గాలి కొడితే చాలు, ఒక్కో నిపుల్ విప్పుకుంటూ పోవడమే. స్నేహితుడి పోలోకి దాని మూత అచ్చంగా సరిపోయింది, పని హాయిగా అయిపోయింది. పోలోలో క్లచ్‌కీ బ్రేక్‌కీ ఆయిల్ ఒకే రిజర్వాయర్లోంచి వెళ్తుంది కాబట్టి క్లచ్ నిపుల్ కూడా మరవకూడదు. నా స్విఫ్ట్‌కి ఆ మూత పట్టదు. అన్నిటికీ సరిపోతుందని అమ్మే గొలుసు ప్లేటు బిగిస్తే అంచుల్లోంచి కారింది. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. పడిన వెంటనే నీళ్లు పోసి కడిగేయాలి, గుడ్డతో తుడిస్తే చాలదు.

అలా చివరికి పాత పద్ధతికే వచ్చాను. బామ్మర్ది పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర. ఇంజిన్ ఆపే ఉంటుంది. బండి స్టాండ్ల మీద ఉండాలి, ఒట్టి జాకీని నమ్మి పక్కన కూర్చోవద్దు. గొట్టం రెండో చివర సీసాలో ఆయిల్‌లో మునిగి ఉండాలి. "తొక్కు" అంటే "తొక్కా బావా" అని జవాబు వచ్చాకే నిపుల్ తిప్పడం, మళ్లీ బిగించి "వదులు" అన్నాకే వాడు కాలు తీయడం. వాడి చేతిలో ఫోన్ లేకుండా చూసుకోవాలి. పాత బండి అయితే పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే భాగం) లోపల, పిస్టన్ రోజూ తిరగని చోట తుప్పు గరుకు ఉంటుంది, పెడల్ నేలదాకా పోతే రబ్బరు సీళ్లు దాని మీద రాసుకుని చిరుగుతాయి.

మన బళ్లలో సాధారణంగా ఎడమ వెనక చక్రంతో మొదలుపెడతారు, మాస్టర్ సిలిండర్‌కి అదే దూరం. కంపెనీ మాన్యువల్లో వేరే వరస ఉంటే అదే పాటించాలి. సముద్రం దగ్గర నిపుళ్లు తుప్పుతో బిగుసుకుపోతాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, రింగు పానాతోనే తిప్పండి. నోరు తెరిచిన పానా పెడితే అంచులు అరిగి గుండ్రమైపోతుంది, తర్వాత మెకానిక్కి కూడా తలనొప్పే.

ఏబీఎస్ భయం సంగతి. రిజర్వాయర్ ఎప్పుడూ ఖాళీ కానివ్వకపోతే దాని జోలికి పోనే అక్కర్లేదు. ఆయిల్ గీత కిందికి దిగకముందే పోస్తూ ఉండాలి. ఒకసారి ఖాళీ అయి గాలి ఏబీఎస్ యూనిట్లోకి చేరితే మాత్రం, లోపలి వాల్వులు, పంపు తిప్పడానికి చాలా బళ్లకి స్కాన్ టూల్ (బండి కంప్యూటర్‌కి తగిలించే పరికరం) కావాలి. అప్పుడు వర్క్‌షాప్‌కే. టొయోటా ప్రియస్ లాంటి హైబ్రిడ్లలో బ్రేకు కంప్యూటర్ చేతుల్లో ఉంటుంది, వాటిని నేనైతే ముట్టుకోను.

కొనేటప్పుడు మీ రిజర్వాయర్ మూత మీద ఏ డాట్ రాసి ఉందో అదే కొనండి. డాట్ 5 అంటే సిలికాన్, 5.1 అంటే కాదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఇంకోటి పోయకూడదు. నేను చిన్న సీసాలే తెస్తాను, మూత తీసిన సీసా మా ఊరి గాలికి దాచినా దండగే. పని అయ్యాక ఇంజిన్ వేసి చూస్తే పెడల్ కాస్త దిగి గట్టిగా నిలవాలి. మెత్తగా దిగిపోతూ ఉంటే బండి గేటు దాటకూడదు.