దాణా విడిగా పెట్టాలా, మేతలో కలిపి పెట్టాలా?

పెన్నా కాలువల కింది నెల్లూరు పల్లెల్లో పాడి ఆవుకు వరిగడ్డే ప్రధానమైన మేత కాగా, ప్రకాశం మెట్టలో జొన్న చొప్ప, శనగ పొట్టు దానికి తోడవుతాయి. మేత ఏదైనా, పాలు పితికే వేళకు తవుడు, నూనె గింజల చెక్క, నూకలు కలిపిన దాణాను ఒక్కసారిగా తొట్టిలో పోసి, గడ్డిని తరవాత విడిగా వేయడమే రెండు చోట్లా ఎక్కువగా కనిపించే పద్ధతి. అదే దాణాను ముక్కలు చేసిన గడ్డిలో కలిపి రోజుకు మూడు నాలుగు విడతలుగా పెట్టడం రెండోది.

మొదటి పద్ధతిలో పని తక్కువ, పితికేటప్పుడు ఆవు కుదురుగా నిలుస్తుంది. చిక్కంతా పెద్ద పొట్టలోనే, అంటే తిన్న మేత ముందుగా చేరి పులిసే గదిలోనే ఉంది. నూకల్లోని పిండి పదార్థం అక్కడ త్వరగా పులిసి ఆమ్లమవుతుంది. నెమరు వేసేటప్పుడు ఊరే లాలాజలంలోని బైకార్బనేట్ ఆ ఆమ్లాన్ని విరిచేయాలి గాని, దాణాకు నమలడం పెద్దగా అక్కర్లేదు కనుక ఆ సమయానికి లాలాజలం చాలదు. ఆమ్లం పెరిగే కొద్దీ తగ్గే కొలత పీహెచ్. అది 6 కంటే దిగితే పీచును అరిగించే బాక్టీరియా మందగిస్తుంది. పీచు నుంచి పుట్టే అసిటిక్ ఆమ్లమే పాలలో వెన్నకు ముడిసరుకు కాబట్టి, వెన్న శాతాన్ని బట్టి ధర కట్టే పాల కేంద్రంలో ఆ తేడా బిల్లులోనే తేలుతుంది. పెళ్లిలో మిగిలిన అన్నాన్ని బకెట్లతో తెచ్చి పెట్టడం ఇదే చిక్కుకు ముదిరిన రూపం. ఒక్కోసారి ఆవు ప్రాణం మీదికే వస్తుంది.

కలిపి పెడితే ఆమ్లం కొద్దికొద్దిగా పుడుతుంది. అంతేకాక, మాంసకృత్తులు 3-4 శాతమే ఉండే వరిగడ్డిని అరిగించే బాక్టీరియాకు కావలసిన నత్రజని, చెక్క ద్వారా అదే సమయంలో అందుతుంది. అయితే గడ్డిని మరీ పొడిలా తరిగితే నెమరు తగ్గి మొదటికే మోసం వస్తుంది. ముక్క 2 నుంచి 5 సెంటీమీటర్లు ఉండాలి. పొడి దాణా అడుక్కు జారకుండా కొంచెం నీళ్లు చిలకరించాలి, కాని రోహిణి కార్తె ఎండలకు తడి మేత పాచిపోతుంది కనుక ఏ విడతకు ఆ విడతే కలుపుకోవాలి.

నాలుగైదు లీటర్లిచ్చే ఆవుకు పూటకు కిలో, కిలోన్నర దాణాతో పెద్ద ముప్పు లేదు. దానికింత శ్రమ దండగ. పది లీటర్లు దాటి, రోజుకు అయిదారు కిలోల దాణా తినే సంకర జాతి ఆవుకు మాత్రం కలిపి పెట్టడమే మేలని నా అభిప్రాయం. గడ్డి తరిగే యంత్రం (చాఫ్ కట్టర్) లేని ఇంట్లో కనీసం ముందు గడ్డి వేసి, ఆ తరవాతే దాణాను మూడు పూటలుగా పంచవచ్చు. ఏ మార్పయినా సూక్ష్మజీవులు అలవాటు పడేలా రెండు వారాల మీద చేయాలి.