మొదటి పైపుగా మొక్కజొన్న బెండు పైపు: ఎనిమిది నెలలు వాడాక

పొగ తాగడానికి నేను కొన్న మొదటి పైపు ఇది కాదు. మొదటిది బ్రయర్ కర్రతో చేసిన నల్లటి నున్నటి పైపు. కొత్తవాళ్ల కోసమని రాసి ఉన్న పెట్టెలో వచ్చింది, దాంతో పాటు ఒక చిన్న స్టాండు, తోలు సంచి, ఒక ప్యాకెట్ పొగాకు. చూడ్డానికి చాలా అందంగా ఉంది. వెలిగించిన పది నిమిషాలకు నాలుక భగ్గుమని మండేది, లోపల గుడగుడమని నీళ్ల చప్పుడు వచ్చేది, నిప్పు ఆరిపోయేది. తప్పంతా నాదే అనుకుని మూడు వారాలు అలాగే తంటాలు పడ్డాను.

నాది వాచీలు బాగుచేసే పని. ఒక రోజు ఓపిక నశించి, కంటికి లూపు (చిన్న భూతద్దం) పెట్టుకుని, చిన్న టార్చి వేసి, పొగాకు నింపే గిన్నె లోపలికి చూశాను. పొగ లాగే రంధ్రం గిన్నె అడుక్కి సరిగ్గా ఆనుకుని ఉండాలి. ఇందులో దాదాపు మూడు మిల్లీమీటర్లు పైకి తవ్వేశారు. ఆ రంధ్రానికి కింద ఉండిపోయిన పొగాకు ఎప్పటికీ కాలదు, తడి ముద్దై అక్కడే కూర్చుంటుంది. పైపు క్లీనర్ (నూలు చుట్టిన సన్నటి తీగ) దూర్చితే మధ్యలో కొట్టుకుని ఆగిపోతోంది, అంటే గొట్టం రంధ్రం, గిన్నె రంధ్రం ఒకే వరసలో లేవు. పైగా గిన్నె లోపల ఏదో దట్టమైన పూత. మొదటి వారమంతా నేను రుచి చూసింది పొగాకును కాదు, ఆ పూతను. కొత్తవాడికి ఇవేవీ తెలియవు. తన చేతగానితనమే అనుకుని మానేస్తాడు.

అప్పుడు నా దగ్గరికి చాలా ఏళ్లుగా వాచీలు తెచ్చే ఒక పెద్దాయన, ముప్పై ఏళ్ల నుంచి పైపు తాగుతున్న మనిషి, నా బల్ల మీద ఆ పైపు చూసి అన్నారు: "బాబూ, దాన్ని పక్కన పెట్టు. ముందు ఒక బెండు పైపు తెచ్చుకుని నేర్చుకో. కర్ర సంగతి తర్వాత చూద్దాం."

నిజం చెప్పాలంటే నాకు నచ్చలేదు. గింజలు ఒలిచి పారేసే బెండుతో పైపు ఏమిటి, రెండు రోజుల్లో కాలిపోదా అనిపించింది. ఎనిమిది నెలలైంది. వారానికి మూడు నాలుగు సార్లు వాడుతున్నాను. కాలిపోలేదు.

అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. గిన్నె మొక్కజొన్న బెండు, దానికి గుచ్చిన కాడ కర్రది, నోట్లో పెట్టుకునే గొట్టం ప్లాస్టిక్‌ది. వీటి పుట్టుక గురించి ఆరా తీస్తే కథ అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, వాషింగ్టన్ అనే ఊళ్లో తేలింది. హెన్రీ టిబ్బీ అని హాలెండ్ నుంచి వలస వచ్చిన ఒక వడ్రంగి ఉండేవాడు, తరిమెన (లేత్) మీద కర్ర చెక్కే పని. 1869లో అక్కడ బెండు పైపుల తయారీ మొదలైంది. బెండు బయటి గుంటల్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పూడ్చి నున్నగా రుద్దే పద్ధతికి 1878లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఆయన మొదలుపెట్టిన ఆ కంపెనీ మిస్సోరీ మీర్‌షామ్ అనే పేరుతో ఇప్పటికీ అదే ఊళ్లో ఉంది. అసలు మీర్‌షామ్ అంటే టర్కీలో దొరికే తెల్లటి మెత్తటి రాయి, దాంతో చేసిన పైపులు పొగలోని తేమను చక్కగా పీల్చుకుంటాయి. బెండు కూడా అలాగే పీలుస్తుంది కాబట్టి ఆ పేరు. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సేనాధిపతి జనరల్ మెకార్థర్ ఫొటోల్లో పొడుగ్గా, పెద్ద గిన్నెతో కనిపించే పైపు కూడా బెండుదే.

ఆ పీల్చుకునే గుణమే కొత్తవాడికి వరం. కొత్తవాడు చేసే మొదటి తప్పు గబగబా లాగడం. లాగినకొద్దీ నిప్పు రాజుకుంటుంది, పొగాకులో ఉన్న తేమ ఆవిరవుతుంది, ఆ వేడి ఆవిరి తిన్నగా నాలుక మీద పడుతుంది. బెండు ఆ తేమలో కొంత తాగేసి మన తప్పును కొంచెం కాస్తుంది. కొత్త బ్రయర్ పైపును మొదట కొన్నాళ్లు జాగ్రత్తగా కాల్చి లోపల మసి పొర కట్టేలా అలవాటు చేయాలి. దీనికి ఆ గొడవ లేదు. మొదటి రోజే నిండా నింపి వెలిగించవచ్చు. మొదటి నాలుగైదు సార్లు మాత్రం కాలిన మొక్కజొన్న వాసన వస్తుంది. నాకది ఇబ్బంది అనిపించలేదు గానీ, అది మీ పొగాకు రుచి అనుకోకండి.

ఇక పైపు ఎంత మంచిదైనా, చెయ్యి నేర్చుకోవలసింది నేర్చుకోవాలి. పెద్దాయన నా చేతికి పైపు ఇచ్చే ముందు పొగాకు ప్యాకెట్ విప్పి, చిటికెడు తీసి వేళ్ల మధ్య నొక్కి వదిలారు. అది ఉండలా అతుక్కుని అలాగే ఉండిపోయింది. "చూశావా, ఇది ఉడుకుతుంది గానీ కాలదు" అన్నారు. నా మూడు వారాల కష్టానికి సగం కారణం ఆ చిటికెలో కనిపించింది. వాసన కలిపిన పొగాకులు చాలావాటిలో ఎండిపోకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి వేస్తారు, అందుకే డబ్బా విప్పగానే చెమ్మగా ఉంటాయి. ఇప్పుడు నేను తాగబోయే పొగాకును ముందే ఒక తెల్ల కాగితం మీద పలచగా పరిచి వదిలేస్తాను. ఇరవై నిమిషాలు, ఒక్కోసారి నలభై. నొక్కి వదిలితే మెల్లగా విచ్చుకోవాలి, అలాగని కరకరలాడి పొడి కాకూడదు. ఈ ఒక్క పనితో గుడగుడ చప్పుడు దాదాపు పోయింది. ఇంత చిన్న విషయం నా మొదటి కిట్‌లో వచ్చిన కాగితం మీద ఒక్క ముక్క కూడా రాయలేదు, ఆ కోపం నాకింకా ఉంది.

నింపడానికి పైపు తాగేవాళ్లలో పాత మాట ఒకటుంది: మొదటి పొర చంటిపిల్ల చేత్తో, రెండోది ఆడమనిషి చేత్తో, మూడోది మగవాడి చేత్తో అదమాలని. కింద వదులుగా, పైకి వచ్చేకొద్దీ గట్టిగా అన్నమాట. నింపాక వెలిగించకుండానే ఒకసారి గాలి లాగి చూడాలి. స్ట్రాతో నీళ్లు తాగినంత సులువుగా, కొంచెం పట్టు తగులుతూ రావాలి. బిగుసుకుపోతే మొత్తం దులిపేసి మళ్లీ నింపడమే. పైనుంచి పుల్లతో పొడిస్తే ఇంకా బిగుస్తుంది.

వెలిగించడం రెండుసార్లు. అగ్గిపుల్ల గీసి, తలలోని గంధకం కాలిపోయేదాకా ఒక్క క్షణం ఆగి, మంటను పైన గుండ్రంగా తిప్పుతూ నెమ్మదిగా లాగాలి. పొగాకు పాముల్లా లేచి మెలికలు తిరుగుతుంది. నాకు ఆ దృశ్యం ఇష్టం, సన్నటి పోగులు ఒక్కొక్కటీ ఎర్రబడి, వంగి, నల్లబడతాయి. అది కాసేపటికి ఆరిపోతుంది, ఆరనివ్వండి. నల్లబడిన పొరను ట్యాంపర్‌తో (పొగాకు అదిమే చిన్న పనిముట్టు), దాని బరువు తప్ప మన బలం పెట్టకుండా చదును చేసి, రెండోసారి వెలిగిస్తే అప్పుడు నిలుస్తుంది. మంటను జోరుగా చిమ్మే జెట్ లైటర్ మాత్రం వద్దు. దాని మంటకు బెండు అంచు కాలిపోతుంది. నా పైపు అంచు మీద ఒక పక్క అర్ధచంద్రంలా మాడిన మచ్చ ఉంది, మొదటి వారం గుర్తు అది.

ఆ తర్వాత అంతా నిదానమే. "పొగ రావాలని లాగొద్దు. నిప్పు బతికుంటే చాలు" అన్నారు పెద్దాయన. గిన్నెను బుగ్గకు ఆనించి చూడమన్నారు. ఆనించలేనంత వేడిగా ఉంటే పైపు కింద పెట్టి ఆగాలి. ఆరిపోతే మళ్లీ వెలిగించుకోవాలి, అందులో తప్పేమీ లేదు. నిదానంగా తాగే పోటీలు ప్రపంచంలో జరుగుతాయి. మూడు గ్రాముల పొగాకు, రెండు అగ్గిపుల్లలు ఇస్తారు, ఎవరి నిప్పు ఎక్కువసేపు ఆరకుండా ఉంటే వారు గెలుస్తారు. ఆరితేరినవాళ్లు ఆ మూడు గ్రాములనే గంటల తరబడి నడిపిస్తారు. నా మొదటి రోజుల్లో ఒక గిన్నె పన్నెండు నిమిషాల్లో అయిపోయేది. ఇప్పుడు యాభై నిమిషాలు వస్తుంది, వాచీ పెట్టి చూశాను.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. పైపు పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చరు, నోట్లోనే ఉంచుకుని వదిలేస్తారు. అంతమాత్రాన క్షేమం అనుకోవద్దు. పెదవి, నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు పైపు తాగేవాళ్లకూ వస్తాయి, నికోటిన్ నోటి పొర గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది, అలవాటూ అవుతుంది. పొగాకు జోలికి వెళ్లనివాళ్లు ఈ రివ్యూ చదివి మొదలుపెడితే నాకు బాధగా ఉంటుంది. ఎలాగూ నిశ్చయించుకున్న పెద్దవాళ్ల కోసమే రాస్తున్నాను. ఖాళీ కడుపుతో తాగకండి. ఒకసారి నేను అలా తాగి, ఘాటైన పొగాకు కావడంతో, చల్లటి చెమటలు పట్టి అరగంట నేల మీద పడుకున్నాను. మా ఆవిడ పంచదార నీళ్లు తాగించింది. ఇంట్లో తాగనని ఆ రోజే ఆవిడకు మాటిచ్చాను, మేడ మీదికి వెళ్లి ఒక్కణ్నే తాగుతాను.

బెండు పైపులో లోపాలు లేవని కాదు. కర్ర కాడ కొన గిన్నె లోపలికి కాస్త పొడుచుకుని ఉంటుంది. అడుగుదాకా తాగేస్తే ఆ కొన మాడుతుంది, చేదు పొగ వస్తుంది. నేను పైపు బూడిదలోనే నాలుగు చుక్కల నీళ్లు కలిపి, మెత్తటి ముద్ద చేసి, రంధ్రంలో క్లీనర్ దూర్చి ఉంచి, ఆ కొన చుట్టూ అడుగున పూత పెట్టాను. రెండు రోజులు ఆరనిచ్చాక రాయిలా పట్టుకుంది. దాంతో అడుగు సమంగా వచ్చింది, చేదు తగ్గింది. ప్లాస్టిక్ గొట్టం మెత్తన, పళ్లతో గట్టిగా పట్టుకునే అలవాటున్నవాళ్లు నెలలో గాట్లు పెట్టేస్తారు. లోపల పెట్టుకోవడానికి ఆరు మిల్లీమీటర్ల కాగితం ఫిల్టర్ వచ్చింది. రెండుసార్లు వాడి తీసేశాను, రుచి చప్పబడుతోంది. అది పెట్టుకుంటే తేమ తగ్గుతుందనేవాళ్లూ ఉన్నారు, మీ ఇష్టం.

శుభ్రం చేయడం సులువే. తాగడం అయ్యాక పైపు పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిగా ఉండగా గొట్టం లాగితే కీలు వదులైపోతుంది, బ్రయర్‌లో అయితే విరగనూ వచ్చు. చల్లారాక క్లీనర్ ఒకటి దూర్చి తీస్తే గోధుమరంగు తడి వస్తుంది, రెండోది దాదాపు తెల్లగా వస్తుంది. లోపల మసి గోకాల్సిన పని పెద్దగా లేదు. నీళ్లతో మాత్రం కడగకండి, బెండు ఉబ్బిపోతుంది.

పొగాకు విషయంలో నా అనుభవం కొంచెమే. డబ్బా వాసన చూసి మొదట అందరూ వెనీలా, చెర్రీ వాసనలవే కొంటారు, నేనూ అంతే. వాసన పక్కవాళ్లకు బాగుంటుంది, తాగేవాడికి తడి, వేడి. బర్లీ పొగాకు నాకు మొదట కుదిరింది. చక్కెర తక్కువ, చల్లగా కాలుతుంది, రుచి కాస్త మట్టిగా, పల్లీల్లా ఉంటుంది. వర్జీనియా తియ్యగా, ఎండుగడ్డి వాసనతో బాగుంటుంది గానీ తొందరపడితే నాలుకను అదే ఎక్కువ కొరుకుతుంది. దాన్ని నాలుగో నెలలో గానీ ముట్టుకోలేదు. కొత్తలో సన్నగా రిబ్బన్‌లా తరిగినది తీసుకోండి. అట్టలా ఒత్తి కోసిన ఫ్లేక్‌ను చేత్తో నలిపి విడదీయడం వేరే విద్య.

పోయిన నెల రెండో బెండు పైపు తెచ్చుకున్నాను, లటాకియా కోసం. సైప్రస్‌లో కట్టెల పొగలో ఆరబెట్టే ఆ పొగాకు వాసన గిన్నెలో ఒకసారి పట్టిందంటే ఇక వదలదు, తర్వాత ఏది వేసినా దాని పొగే తగులుతుంది. ఆ పాత బ్రయర్ పైపును కూడా పారేయలేదు. పని బల్ల మీద పెట్టి, గిన్నె అడుగును అదే బూడిద ముద్దతో రంధ్రం మట్టానికి లేపాను. ఇప్పుడది ఆరుతోంది. ఆదివారం సాయంత్రం పెద్దాయన వస్తానన్నారు, ఆయన చేతే వెలిగింపిస్తాను.